గడియారం 15 చూపగానే: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎత్తు మారే తీరు

తెర మూలన సెకన్లు తగ్గుతూ వచ్చే గడియారం 15కి రాగానే, దాడి జట్టును నడిపించే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ చెవిలో మాట తెగిపోతుంది. అంతవరకు హెల్మెట్‌లో అమర్చిన చిన్న స్పీకరులో కోచ్ గొంతు వినిపిస్తూ ఉంటుంది: ఎలా నిలబడాలి, ఏ ఎత్తు (ముందే సాధన చేసిన ఆట పథకం) ఆడాలి, ఎదుటివాళ్లు ఫలానా విధంగా కనిపిస్తే దేనికి మారాలి. 15 దగ్గర ఆ గొంతు ఆగిపోవలసిందే. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పై శ్రేణిలోకి 2024 సీజన్‌లో వచ్చిన నియమం ఇది. ఆ తర్వాత మైదానం మధ్యలో ఇరవై ఏళ్ల విద్యార్థి, ఎదుట పదకొండుమంది ప్రత్యర్థులు, చుట్టూ కొన్నిచోట్ల లక్ష దాటిన జనం. కోచ్ చెప్పినదే ఆడాలా, మార్చాలా అన్నది బంతి కదిలేలోపు అతనే తేల్చుకోవాలి.

టీవీలో చూసేవారికి ఈ కాస్త సమయం ఖాళీగా కనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ అటూ ఇటూ చూస్తాడు. ఎదుటి వరుసలో ఒకరిని వేలితో చూపుతాడు. రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టి ఎడమవైపు ఏదో అరుస్తాడు, కుడివైపు తిరిగి మళ్లీ అదే అరుస్తాడు. ఒక కాలు ఎత్తి దించుతాడు. వ్యాఖ్యాత 'ఏదో పసిగట్టాడు' అంటాడు. ఆ 'ఏదో' ఏమిటో చెప్పేలోపు బంతి కదిలిపోతుంది. ఈ ఆటను చూడటం మొదలుపెట్టిన రోజుల్లో నేను కూడా దాన్ని సహజ ప్రతిభ కింద జమకట్టి ఊరుకున్నాను. పోనుపోను అర్థమైంది, అందులో ఎక్కువ పాలు లెక్కేనని. అదీ వేళ్ల మీద చేయగలిగినంత లెక్క. అంత చిన్న లెక్కను తప్పు చేయించడానికి ఎదుట పదకొండుమంది పనిగట్టుకొని నిలబడతారు. కష్టమంతా అక్కడ ఉంది.

కదిలే హక్కు ఎవరిది

ఆట కొత్తవారికోసం నాలుగు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటిలో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు. ప్రతి ప్రయత్నం తర్వాతా ఆట పూర్తిగా ఆగుతుంది. సెంటర్ అనే ఆటగాడు కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించినప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఆ అందించడమే స్నాప్. మామూలుగా ఒక ప్రయత్నం ముగిసిన 40 సెకన్లలో తర్వాతి స్నాప్ జరగాలి. ఆలస్యమైతే ఐదు గజాలు వెనక్కి పోవలసి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. స్నాప్‌కు ముందు దాడి జట్టు కాళ్లకు నియమాలు సంకెళ్లు వేస్తాయి. వాళ్లు చోట్లు మార్చుకోవచ్చు గానీ, మార్చుకున్నాక పదకొండుమందీ ఒక సెకను పాటు కదలకుండా నిలబడాలి. స్నాప్ జరిగే క్షణాన కదులుతూ ఉండే అనుమతి ఒక్కరికే, అతను కూడా ముందుకు కదలకూడదు. ముందు వరుసలోని భారీకాయులు ఒకసారి చేయి నేలకు ఆనించాక ఉలిక్కిపడినా తప్పే. రక్షణ జట్టుకు ఈ కట్టడి లేదు. బంతి గీత దాటి రాకుండా ఉంటే చాలు, చివరి క్షణం వరకు ఎవరు ఎక్కడికైనా నడవవచ్చు, పరుగెత్తవచ్చు, ముందుకు వచ్చినట్టు నటించి వెనక్కి జారుకోవచ్చు.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇది కొంచెం వింతగా ఉంటుంది. బ్యాటరు కూడా బంతి ఎదుర్కొనే ముందు ఫీల్డింగ్‌ను చుట్టూ పరికించి చూస్తాడు, ఖాళీలు గుర్తుపెట్టుకుంటాడు. కానీ బౌలరు పరుగు అందుకున్నాక ఫీల్డర్లు చెప్పుకోదగినంతగా చోటు మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. ఇక్కడ ఒప్పుకుంటాయి. అందుకే దాడి జట్టుకు ఎత్తు మార్చే అవసరం వచ్చింది. వాళ్ల చేతిలో ఉన్నవి రెండే: ఏం చేయబోతున్నారో వాళ్లకు తెలుసు, బంతి ఎప్పుడు కదులుతుందో వాళ్లకు తెలుసు. ఎత్తు మార్చడమంటే ఈ రెంటినీ చివరిదాకా తమ గుప్పిట్లో ఉంచుకోవడం.

మూటలో రెండు

క్వార్టర్‌బ్యాక్ అక్కడికక్కడ ఏదో కొత్త ఎత్తు కనిపెడతాడన్నది చాలామందికి ఉన్న అపోహ. అలా జరగదు, జరిగితే మిగతా పదిమంది పది దిక్కులకు పోతారు. చాలా సందర్భాల్లో కోచ్ ఒకేసారి రెండు ఎత్తులు చెబుతాడు. మొదటిది పరుగు (బంతి పట్టుకొని పరుగెత్తడం), రెండోది పాస్ (బంతిని ముందుకు విసరడం) అనుకోండి. అందరూ మొదటిదానికి సిద్ధపడి నిలబడతారు. క్వార్టర్‌బ్యాక్ 'కిల్, కిల్' అని అరిస్తే మొదటిది చచ్చింది, రెండోది ఆడాలి. అరవకపోతే మొదటిదే. ఇంకో పద్ధతిలో ఎత్తు ఒకటే, దిక్కు మాత్రమే మారుతుంది: కుడికి అనుకున్న పరుగు ఎడమకు. మరో పద్ధతిలో అసలేమీ చెప్పకుండా వరుసలో నిలబెట్టి, ఎదుటివాళ్లను చూశాక రెండు మూడు ఎత్తుల్లోంచి ఒకటి ఏరుకోమంటారు. ఇక పూర్తిగా వేరే ఎత్తు పేరు పిలిస్తే అదే ఆడిబుల్. అభిమానులు అన్నింటినీ ఆ పేరుతోనే పిలుస్తారు గానీ, నిజమైన ఆడిబుల్ వీటన్నిటిలో అరుదైనది.

ఎంచుకోవడానికి ఆధారం ఏమిటి? మొదట బాక్స్ లెక్క. దాడి వరుస ఎదుట, ఆ చివరి నుంచి ఈ చివరి వరకు, ఐదారు గజాల లోతున ఒక పెట్టెలాంటి జాగా ఉందనుకోండి. అందులో ఎంతమంది ప్రత్యర్థులు ఉన్నారో లెక్కించాలి. దాడి జట్టులో అడ్డుకొట్టడానికి ముందు వరుసలో ఐదుగురు, పక్కన ఒక టైట్ ఎండ్, మొత్తం ఆరుగురు. పెట్టెలో ప్రత్యర్థులు ఆరుగురే ఉంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కరు సరిపోయారు, బంతి పట్టుకొని పరుగెత్తేవాడికి దారి దొరుకుతుంది. ఏడుగురు ఉంటే ఒకరికి అడ్డు లేదు. ఆ ఒక్కడూ వచ్చి పరుగెత్తేవాణ్ని పడగొడతాడు.

అయితే ఏడో మనిషి ఎక్కడి నుంచో ఒక చోటి నుంచి రావాలి కదా. పెట్టెలో ఏడుగురైతే బయట మిగిలింది నలుగురే. పాస్ అందుకునే ముగ్గురు రిసీవర్లకు ముగ్గురు కాపలా, వెనక లోతుగా ఒక్కడు. అంటే బయట అందరూ దాదాపు ఒంటరి పోరులో ఉన్నట్టే, పాస్ విసరడానికి అదే అదను. ఆరుగురైతే బయట ఐదుగురు ఉంటారు, వెనక ఇద్దరు కాపలా ఉంటారు, అప్పుడు పరుగు మేలు. 'ఆరు చూస్తే పరిగెత్తు, ఏడు చూస్తే విసురు' అన్నది ఈ విద్యలో ఓనమాలు. మూటలో కట్టిన రెండు ఎత్తులూ ఎందుకు తరచూ పరుగూ పాసూ అవుతాయో ఇక్కడ తెలుస్తుంది.

కాలేజీ ఆటలో ఈ లెక్కకు మరో మెలిక ఉంది. వృత్తి ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ను దెబ్బలకు దూరంగా ఉంచుతారు, కాబట్టి పరుగు ఎత్తుల్లో అతను సాధారణంగా లెక్కలోకి రాడు. కాలేజీల్లో అతనే పరుగెత్తడం మామూలు. ఒక ప్రత్యర్థిని కావాలనే అడ్డుకొట్టకుండా వదిలేసి, అతను ఎటు వంగితే దానికి వ్యతిరేకంగా బంతిని ఇవ్వడమో ఉంచుకోవడమో చేస్తారు. దాంతో ఏడో మనిషి లెక్క మళ్లీ సమానమవుతుంది.

రెండో మెలిక మైదానం గీతల్లోనే ఉంది. మైదానం వెడల్పు 160 అడుగులు. ప్రతి ప్రయత్నానికీ బంతిని పెట్టే రెండు వరుసల చిన్న గీతల మధ్య దూరం వృత్తి ఆటలో 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులు. అందువల్ల కాలేజీ ఆటలో బంతి తరచూ ఒక పక్కకు బాగా ఒరిగి ఉంటుంది: ఒకవైపు 20 గజాలు, రెండోవైపు 33 గజాలకు పైగా. ఆ విశాలమైన వైపు ఎక్కువమందిని పంపితే ఇరుకు వైపు పలుచబడుతుంది, సమానంగా నిలబెడితే విశాలమైన వైపు ఖాళీ మిగులుతుంది. ఎత్తు దిక్కు మార్చే పిలుపులు కాలేజీ ఆటలో అంతగా వినబడటానికి ఇదొక పెద్ద కారణం. నియమాల పుస్తకంలో ఒక కొలత తేడా, ఆట ఆలోచననే మార్చేసింది. నన్ను ఈ ఆటవైపు లాగినవాటిలో ఇదొకటి.

వెనక నిలబడ్డవాళ్ల అబద్ధాలు

పెట్టె లెక్కించాక చూపు లోతుకు వెళ్లాలి. అక్కడ ఉండేవాళ్లు సేఫ్టీలు. ఇద్దరూ పన్నెండు గజాల వెనక చెరోపక్క నిలబడితే ఒకరకం రక్షణ. ఒకడు మధ్యలో లోతుగా, ఇంకొకడు ముందుకు దిగి ఉంటే మరోరకం. ఏ పాస్ ఎత్తు ఎక్కడ పండుతుందో చాలావరకు దీన్నిబట్టే తేలుతుంది. ఇద్దరు వెనక ఉంటే వాళ్ల మధ్య సందు మెత్తన, ఒక్కడే ఉంటే రెండు అంచులూ మెత్తన.

తర్వాతి ప్రశ్న: ఒక్కొక్కరు ఒక్కొక్క రిసీవరును పట్టుకొని తిరుగుతారా, లేక ఒక్కొక్కరు ఒక్కొక్క జాగా కాస్తారా? దీన్ని అడిగి తెలుసుకోలేరు, కానీ బయటపెట్టించవచ్చు. ఒక రిసీవరును స్నాప్‌కు ముందు ఇటు చివర నుంచి అటు చివరకు నడిపిస్తారు. అతని వెంట ఒక ప్రత్యర్థి పరుగెత్తుకుంటూ వస్తే మనిషికి మనిషి కాపలా. ఎవరూ వెంట రాక, అందరూ ఒక్కో అడుగు జరిగి సర్దుకుంటే జాగా కాపలా. టీవీలో ఊరికే నడిచినట్టు కనిపించే ఆ నడక నిజానికి ఒక ప్రశ్న.

రక్షణ జట్టుకు ఈ సంగతులన్నీ తెలుసు. ఇద్దరు వెనక ఉన్నట్టు నిలబడి, స్నాప్ అవుతుండగా ఒకడు ముందుకు దూకుతాడు. ఆరుగురు ముందుకు దూసుకొచ్చేటట్టు వరుస మీద నిలబడి, నలుగురే వస్తారు, ఇద్దరు వెనక్కి జారుకుంటారు. జాగా కాపలాలో ఉండి కూడా ఒకణ్ని రిసీవరు వెంట పరుగెత్తిస్తారు. క్వార్టర్‌బ్యాక్ మార్పు పిలవగానే వాళ్లు కూడా తమ అమరిక మార్చుకుంటారు. అందుకే అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ చూసిన వెంటనే అరవడు. గడియారం ఐదారు సెకన్లకు వచ్చేదాకా ఆగుతాడు. ఎదుటివాళ్ల వేషం ఎంతసేపో ఉండలేదు. స్నాప్ దగ్గరపడే కొద్దీ ప్రతివాడూ తన అసలు చోటికి ఒరగవలసిందే, లేకపోతే సమయానికి చేరలేడు.

వేషం త్వరగా విప్పించడానికి గొంతు కూడా ఒక ఆయుధం. స్నాప్ అడుగుతున్నట్టే గట్టిగా, ఉన్నట్టుండి అరుస్తాడు, బంతి మాత్రం కదలదు. దూసుకురావాలని కాచుకున్నవాడి మడమ లేస్తుంది, సేఫ్టీ ఒక అడుగు ముందుకు వేస్తాడు. అదృష్టం బాగుంటే ఎవడో గీత దాటి ఐదు గజాలు ఊరికే వస్తాయి. రాకపోయినా కావలసిన సమాచారం వచ్చింది, ఇప్పుడు తీరిగ్గా మార్చవచ్చు. ఇందులో రక్షణ జట్టుకు ఒక కట్టడి ఉంది: దాడి జట్టు పిలుపులను అనుకరించి అరవడం నిషిద్ధం.

ఆ వేలు ఎవరిని చూపుతుంది

ఇంతవరకు చెప్పినవి ఏ ఎత్తు ఆడాలన్న దాని గురించి. వేలితో చూపడం వేరే పని. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ తక్కువగా పట్టించుకునేది కూడా ఇదే.

పాస్ విసరాలంటే క్వార్టర్‌బ్యాక్‌కు రెండున్నర, మూడు సెకన్లు కావాలి. ఆ సమయం ఇవ్వవలసింది ముందు వరుసలోని ఐదుగురు. ఎదుట గీత మీద నలుగురు ప్రత్యర్థులు ఉన్నారు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు ఉన్నారు. నలుగురికి నలుగురు పోతే ఐదోవాడు ఎవరిని చూసుకోవాలి? ఎవరో ఒకరిని 'ఇతను మనవాడు' అని తేల్చాలి. క్వార్టర్‌బ్యాక్ వేలు చూపి ఒక అంకె పిలుస్తాడు, 'మైక్ ఇతనే' అని. పేరుకు మైక్ అంటే నడిమి లైన్‌బ్యాకర్. ఇక్కడ మాత్రం ఆ మాటకు అర్థం లెక్క మొదలయ్యే చోటు. ఐదుగురూ నలుగురు ముందువాళ్లనూ మైక్‌నూ చూసుకుంటారు, బంతి పట్టుకొని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఆ పక్కన మిగిలినవాణ్ని చూసుకుంటాడు. మైక్ ఎవరో మారితే ఆరుగురి పనులూ ఒకేసారి మారిపోతాయి.

దగ్గరగా చూద్దాం. మూడో ప్రయత్నం, ఏడు గజాలు కావాలి. గడియారం 9. క్వార్టర్‌బ్యాక్ యాభై నాలుగో నంబరువాణ్ని మైక్ అని పిలిచాడు. గడియారం 7. ఎడమ పక్క సేఫ్టీ నింపాదిగా నాలుగడుగులు ముందుకు వేశాడు. అదే పక్క కార్నర్‌బ్యాక్ తన రిసీవరును చూడటం మానేసి లోపలికి, బంతి వైపు చూశాడు. వాడి వెనక చోటు ఖాళీ అవుతోంది, దాన్ని భర్తీ చేయడానికే సేఫ్టీ జరుగుతున్నాడు. అంటే ఎడమ నుంచి ఒకడు అదనంగా దూసుకురాబోతున్నాడు. క్వార్టర్‌బ్యాక్ యాభై నాలుగును వదిలేసి ఎడమ పక్కవాణ్ని మైక్ అని కొత్తగా పిలుస్తాడు. సెంటర్ తలతిప్పి ఒక మాట రెండు పక్కలకూ అందిస్తాడు. చాలా జట్లలో ఇంగ్లీషు ఎల్ అక్షరంతో మొదలయ్యే పేరు వినిపిస్తే ఎడమకు జరగాలని, ఆర్ అక్షరంతో మొదలైతే కుడికని ముందే అనుకొని ఉంటారు. గడియారం 4. ఎత్తు మారలేదు, రిసీవర్లు ఎక్కడికి పరుగెత్తాలో మారలేదు, ప్రేక్షకులకు ఏమీ కనబడలేదు. ఒక పాస్‌ను మాత్రం ఆ పిలుపు బతికించింది.

అడ్డుకునేవాళ్లకన్నా వచ్చేవాళ్లు ఎక్కువైతే? అప్పుడు సర్దుబాటు పనికిరాదు. అదనపువాడు ఎక్కడి నుంచి వస్తున్నాడో అక్కడ ఖాళీ పడుతుంది, బంతి అక్కడికే వెళ్లాలి. ఆ పక్క రిసీవరు తను మామూలుగా పరుగెత్తవలసిన పదిహేను గజాలు మానుకొని మూడు నాలుగు గజాల్లోనే తిరుగుతాడు. దీన్ని హాట్ అంటారు. కొన్నిసార్లు క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ తాకో, వేళ్లతో సైగ చేసో చెబుతాడు, కొన్నిసార్లు ఇద్దరూ ఒకే దృశ్యం చూసి మాట లేకుండానే మారతారు. ఇద్దరిలో ఒకరే చూస్తే బంతి ఎవరూ లేని చోట పడుతుంది. టీవీలో అది చెత్త పాస్‌లా కనిపిస్తుంది.

మాట ఎలా చేరుతుంది

పదిమందికి వినబడేలా అరిస్తే ఎదుటి పదకొండుమందికీ వినబడుతుంది. అందుకే అరిచేవాటిలో ఎక్కువ భాగం ఊక. పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ సులువైనదే: ఆ రోజుకు ఒక రంగు జీవమున్నదని ముందే అనుకుంటారు. అది నలుపైతే, నలుపు తర్వాత వచ్చే అంకె నిజమైన మార్పు. ఎరుపు, నీలం తర్వాత ఏ అంకె వచ్చినా పట్టించుకోనక్కరలేదు. ఊళ్ల పేర్లూ, జంతువుల పేర్లూ ఇలాగే వాడతారు. 1994 నుంచి 1997 వరకు టెనెసీ విశ్వవిద్యాలయానికి ఆడిన క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ తర్వాత వృత్తి ఆటలో ఈ విద్యకే మారుపేరయ్యాడు. 2014 జనవరిలో శాన్ డియేగో మీద ఆడిన మ్యాచ్‌లో అతను 'ఒమాహా' అని 44 సార్లు అరిచాడని టీవీ చూసినవారు లెక్కపెట్టారు. అన్నిసార్లూ దాని అర్థం ఒకటే అయి ఉంటే ప్రత్యర్థులు మొదటి అరగంటలోనే పట్టేసేవారు.

పరాయి ఊరి మైదానంలో మాట అసలు చేరదు. మిషిగన్ మైదానంలో 107,601 మందికి చోటుంది. పెన్ స్టేట్, లూసియానా స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎమ్, టెనెసీ వంటి చోట్లా లక్ష దాటుతారు. 1988 అక్టోబరు 8న తన సొంత ఊరు బేటన్ రూజ్‌లో ఆబర్న్ జట్టు మీద లూసియానా స్టేట్ నాలుగో ప్రయత్నంలో టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) సాధించి 7-6తో గెలిచినప్పుడు, ఆ జనఘోష అదే విశ్వవిద్యాలయంలోని భూకంప నమోదు యంత్రం మీద గీతగా పడింది. ఇంటి జట్టు దాడి చేస్తున్నంతసేపూ జనం మౌనం పాటిస్తారు, ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ నోరు తెరిచినప్పుడు గోల మొదలవుతుంది. అప్పుడు అతిథి జట్టు సైగలకు మారుతుంది. క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తి దించుతాడు, సెంటర్ పక్కన ఉండి వెనక్కి తిరిగి చూస్తున్న గార్డ్ అతణ్ని తడతాడు, ఒక క్షణం లెక్కపెట్టి సెంటర్ బంతి వదులుతాడు. ఆ నిశ్శబ్ద పద్ధతిలో గొంతుతో మోసం చేసే వీలు పోతుంది, రక్షణ జట్టుకు స్నాప్ క్షణం ఊహకు అందుతుంది. జనం నిజంగా ఆట ఆడతారని చెప్పుకోగలిగిన చోటు ఇది.

విద్యార్థి, అతని వారం

వృత్తి ఆటగాడికి రోజంతా ఇదే పని. కాలేజీ ఆటగాడికి తరగతులు ఉన్నాయి. సీజన్‌లో జట్టు పని మీద వారానికి 20 గంటలకు మించి కూర్చోబెట్టకూడదని జాతీయ కాలేజీ క్రీడా సంఘం నియమం. పైగా ఆటగాళ్లు కొన్నేళ్లకు వెళ్లిపోతారు, ఇప్పుడైతే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి తేలిగ్గా మారుతున్నారు. కొత్తగా వచ్చిన కుర్రవాడికి ఇన్ని సంకేతాలు, ఇన్ని మినహాయింపులు నేర్పే తీరిక ఎక్కడిది?

దీనికి కాలేజీ కోచ్‌లు ఒక దారి కనుక్కున్నారు: ఆలోచనను గట్టు మీదికి, అంటే కోచ్‌లు నిలబడే మైదానం అంచుకు తెచ్చారు. జట్టు గుమిగూడి మాట్లాడుకోకుండా నేరుగా వరుసలో నిలబడుతుంది. రక్షణ జట్టు తమ అమరిక చూపుతుంది. అప్పుడు పదకొండుమందీ తలలు తిప్పి గట్టు వైపు చూస్తారు. అక్కడి నుంచి కోచ్ ఎదుటి అమరికను చూసి అసలు ఎత్తు పంపుతాడు. 2009 నుంచి 2012 వరకు చిప్ కెల్లీ నడిపిన ఒరెగన్ జట్టు ఒక్కోదాని మీద నాలుగేసి బొమ్మలున్న పెద్ద అట్టలు ఎత్తి చూపేది. ఏ బొమ్మకు అర్థముందో, ఏది ఊకో వాళ్లకే తెలుసు. ఇంకొన్ని జట్లలో ముగ్గురు నిలబడి చేతులు ఊపుతారు, ఒక్కడిదే నిజం. ఇలా పెరిగిన క్వార్టర్‌బ్యాక్‌లు వృత్తి ఆటకు వెళ్లాక సొంతంగా చూడటం రాక ఇబ్బంది పడతారన్న విమర్శ అప్పుడే బలపడింది. ఆ విమర్శలో న్యాయం ఉంది, కానీ వారానికి 20 గంటల కట్టడిని మరచి కుర్రవాణ్ని మాత్రమే తప్పుపట్టడం నాకు సబబు అనిపించదు.

గట్టు మీద బహిరంగంగా చూపే సంకేతాన్ని ఎదుటివాడు కూడా చూస్తాడు. మ్యాచ్ జరుగుతుండగా గమనించి అర్థం చేసుకుంటే తప్పు కాదు. కానీ ముందు ముందు తలపడబోయే జట్టు మ్యాచ్‌లకు మనుషులను పంపి గమనించడం 1994 నుంచి నిషిద్ధం. 2023లో మిషిగన్ జట్టు ఉద్యోగి ఒకరు అలా మనుషులను పంపి సంకేతాలు చిత్రీకరింపజేశాడన్న వ్యవహారం బయటపడింది. కోచ్ జిమ్ హార్బాను మిషిగన్ ఆడే లీగ్ రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లకు దూరంగా ఉంచింది. ఆ సీజన్ టైటిల్ మిషిగనే గెలిచింది. మరుసటి వసంతంలో హెల్మెట్ రేడియోకు అనుమతి వచ్చింది. వృత్తి ఆటలో అది 1994 నుంచీ ఉంది.

రేడియో రాకతో క్వార్టర్‌బ్యాక్ మరీ కీలుబొమ్మ అవుతాడని కొందరు భయపడ్డారు. నాకు అందుకు వ్యతిరేకంగా కనిపిస్తోంది. గట్టు వైపు చూసే పద్ధతిలో కోచ్ దాదాపు చివరి సెకన్ల వరకు మార్చగలిగేవాడు. రేడియో గడియారం 15 దగ్గరే మూగబోతుంది, రక్షణ జట్టు వేషం విప్పేది ఆ తర్వాతే. చేతి సంకేతాలు ఇప్పటికీ నిషిద్ధం కావు. అయినా రేడియోకు అలవాటుపడ్డ జట్టులో ఆ చివరి భాగం క్వార్టర్‌బ్యాక్ కళ్లకే మిగిలింది.

స్నాప్ తర్వాత కూడా

కోచ్‌లు ఇంకో దారి కూడా పట్టారు. స్నాప్‌కు ముందు ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడు కాబట్టి, నిర్ణయాన్ని స్నాప్ తర్వాతికి వాయిదా వేస్తే? ముందు వరుస మొత్తం పరుగు ఎత్తు ఆడుతుంది, రిసీవర్లు పాస్ ఎత్తు ఆడతారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఒక్క లైన్‌బ్యాకర్‌ను చూస్తాడు. వాడు పరుగు ఆపడానికి ముందుకు వస్తే బంతి లాగి వాడి వెనక ఖాళీలోకి విసురుతాడు. నిలబడిపోతే బంతి ఇచ్చేస్తాడు. ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) అన్న పేరుతో ఇది కాలేజీ ఆట అంతటా పాకింది. ఒక నియమం ఇందుకు సాయం చేసింది: పాస్ విసిరేలోపు ముందు వరుసవాళ్లు వృత్తి ఆటలో ఒక గజం దాటి ముందుకు పోకూడదు, కాలేజీలో మూడు గజాల వరకు పోవచ్చు. ఆ రెండు గజాల వెసులుబాటు వల్లే లైన్‌బ్యాకర్‌కు అది అచ్చం పరుగులా కనిపిస్తుంది.

అన్ని పద్ధతులూ కలిసి పండిన సీజన్ చెప్పమంటే నేను 2019 లూసియానా స్టేట్ పేరే చెబుతాను. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో ఆ ఏడాది 60 టచ్‌డౌన్ పాసులు, 5,671 గజాలు సాధించాడు, జట్టు 15 మ్యాచ్‌లూ గెలిచింది. వాళ్లు తరచూ క్వార్టర్‌బ్యాక్ పక్కన ఎవరినీ ఉంచకుండా ఐదుగురినీ రిసీవర్లుగా విడదీసేవారు. అప్పుడు అడ్డుకునేది ఐదుగురే, ఆరోవాడు వస్తే బాధ్యత బరోదే. దానికి బదులుగా ఒక లాభం ఉంది: ఐదుగురు విడిపోయి నిలబడితే రక్షణ జట్టు దాక్కునే చోటు తగ్గిపోతుంది. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన ఫైనల్‌లో క్లెమ్సన్ రకరకాల అమరికలతో మొదట అతణ్ని తికమకపెట్టింది, 17-7 ఆధిక్యం కూడా తెచ్చుకుంది. విరామానికల్లా లెక్క 28-17కు తిరగబడింది, చివరకు 42-25. లూసియానా స్టేట్ రిసీవరు జమార్ చేజ్ ఒక్కడే 221 గజాలు సాధించాడు. అతనికి ఎదురుగా ఒకే కాపలా ఉండి, సేఫ్టీ సాయం దూరంగా ఉన్నప్పుడల్లా బంతి అటు వెళ్లింది.

చూసి మార్చడం దాడి జట్టు సొత్తు మాత్రమే కాదు. 2022 డిసెంబరు 31 రాత్రి, అట్లాంటాలో సెమీఫైనల్. నాలుగో పాదంలో జార్జియా మీద ఒహాయో స్టేట్ 38-27తో ముందుంది. నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. ఒహాయో స్టేట్ బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు వదిలేసేందుకు నిలబడినట్టే నిలబడింది, కానీ తన్నకుండా పరుగెత్తాలన్నది లోపలి పథకం. జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్‌కు ఆ నిలబడిన తీరులో ఏదో తేడా కనిపించింది. స్నాప్‌కు కాస్త ముందు టైమ్ అవుట్ అడిగాడు. బంతి కదిలింది, పథకం పారింది, కావలసిన గజం వచ్చింది, అంపైర్లు మాత్రం అది చెల్లదన్నారు. ఒహాయో స్టేట్ ఈసారి నిజంగానే తన్నింది. ఆ వెంటనే జార్జియా క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ విసిరిన పాస్‌కు 76 గజాల టచ్‌డౌన్. జార్జియా 42-41తో గెలిచింది. ఆ రాత్రి గణాంకాల్లో బెనెట్ పాస్ ఉంది, ఒహాయో స్టేట్ సాధించిన ఆ ఒక్క గజం లేదు.